భోజనశాలకు సిమెంటు తొందర కూడదు

మన ఇండ్లలో మొట్టమొదట అలంకారమునకు నోచుకొనునది వచ్చినవారు కూర్చుండు ముందుగది. ఆ తరువాత పూజగదియో, నమాజు చేసికొను మూలయో శ్రద్ధకు పాత్రమగును. అన్నము తిను చోటికి మాత్రము డబ్బాలో మిగిలిన రంగు, కాలు విరిగి అతుకు వేయబడిన కుర్చీ, గడచిన సంవత్సరపు క్యాలెండరు దక్కును. ఇంటిలోని వారందరును దినమునకు ఒక్కపూటయైనను ఒకరి మొగము నొకరు చూచుకొను చోటు అదియే గదా! దానిని ఇంత చులకనగా చూచుట న్యాయము కాదు. ఇటీవల కొందరు చేయుచున్నట్లు, మేస్త్రీకి మొత్తము సొమ్ము అప్పగించి, పదిదినములలో గదిని తళతళ మెరయునట్లు ముగింపించుకొనుటయు న్యాయము కాదు. భోజనశాల అనునది వాడుచు, చూచుచు, మార్చుచు సమకూర్చుకొనవలసినది. ఆ మార్పులు నిలకడకు వచ్చువరకు అందులో దేనిని గాని సిమెంటుతో బిగింపరాదు. నా వాదమంతయు ఇంతియే. ఇది ఇండ్లకు ఎంత వర్తించునో వసతిగృహములకు అంతకంటె ఎక్కువగా వర్తించును గనుక విద్యార్థులకును, కళాశాల కమిటీ పెద్దలకును విన్నవించుకొనుచున్నాను.

అసలు మనకు భోజనశాల యనునది పూర్వమున్నదా అని ఎవరైన అడుగవచ్చును. ప్రత్యేకముగా ఒక గది చాలమందికి లేదు. పంక్తి తీర్చి విస్తరి వేసిన చోటెల్ల భోజనశాలయే. ముస్లిము గృహములలో దస్తర్‌ఖాన్ పరచిన క్షణమున ఏ గదియైనను భోజనశాల యగును. మడచి పెట్టిన క్షణమున మరల పడకగది యగును. హైదరాబాదు వైపు కురచ కాళ్ళ చౌకీ చుట్టును కూర్చుండి తినుట పెద్దింటి మర్యాద. ధర్మవరము చేనేత గృహములకు వెళ్ళి చూడుడు. గుంటమగ్గము గదిలో సగమునకు పైగా ఆక్రమించును. మిగిలిన చోట చాప పరచుకొని, నేయుచున్న పట్టునకు దూరముగా జరిగి ముద్ద తినవలెను. పట్టుపై పులుసు చుక్క పడినచో ఎన్నో దినముల కష్టము వ్యర్థమగును. అక్కడ భోజనశాలను నిర్ణయించినది మగ్గమే గాని మనుష్యులు కారు. దీనికి మనము సిగ్గుపడనక్కరలేదు. ఇంగ్లండులో సైతము మధ్యయుగమున అందరును పెద్ద హాలులోనే తినెడివారు. భోజనమునకే ప్రత్యేకముగా గది కట్టుకొను అలవాటు అక్కడి సంపన్నులలో 17, 18 శతాబ్దములలోనే స్థిరపడినది.

కావున బల్లయు, కుర్చీలును నాగరకతకు గుర్తులనియు, నేలపై కూర్చుండుట వెనుకబాటుతనమనియు తలచువారితో నేను ఏకీభవింపను. అట్లని బల్లను నిందించుటయు నా అభిమతము కాదు. మోకాళ్ళ నొప్పులున్న ముసలివారికి బల్ల ఎంతటి ఉపకారియో అందరికి తెలిసినదే. నా అభ్యంతరము వేరొకటి. దస్తర్‌ఖాన్ మనుష్యులను బట్టి పెరుగును. ఆరుగురు కూర్చున్నచోట ఏడవవాడు వచ్చినచో మోకాలు కొంచెము ముడిచి చోటు చేయుదురు. బల్ల అట్లు పెరుగదు. తొమ్మిదిమంది యున్న ఇంటిలో ఆరు కుర్చీల బల్ల కొనినచో మిగిలిన ముగ్గురు ఎవరు? అది చెప్పుటకు జ్యోతిషము అక్కరలేదు. తల్లి, కోడలు, పెండ్లి కావలసిన ఆడపిల్ల. పూర్వము వారు వంటింటిలో చివర తినెడివారు. క్రొత్త బల్ల వచ్చిన పిమ్మటను వంటింటిలో చివరనే తినుచున్నారు. మెరుగు పెట్టిన టేకు బల్ల ఆ గదికి శోభ తెచ్చినదని చెప్పుట నాకు సాధ్యము కాదు. బల్ల కొనుటకు ముందు ఇంటిలోని తలలను లెక్కింపవలెను. అతిథుల తలలను తరువాత లెక్కింపవచ్చును.

ఇక ప్రయత్నము చేయు విధానమునకు వత్తును. మన ఆడవారి చేతిలో ఇంజనీర్లకు లేని సాధన మొకటి కలదు. అది ముగ్గుపిండి. కొనదలచిన బల్ల కొలతలను ముగ్గుతో గది నేలపై గీయవలెను. ఒక్కొక్క మనిషికి రెండడుగుల వెడల్పు కావలెను. కుర్చీని వెనుకకు జరిపి లేచుటకును, వెనుకనుండి వడ్డించువారు నడచుటకును బల్ల అంచునుండి గోడ వరకు సుమారు మూడడుగులు విడువవలెను. బల్ల ఎత్తు సాధారణముగా ముప్పది అంగుళములు, కుర్చీ పీట పదునెనిమిది అంగుళములు. ఆ గీతలను రెండు మూడు దినములట్లే యుంచి, వాటిని తొక్కకుండ వంటింటిలోనికిని, బయటకును తిరిగి చూడవలెను. గీతను ఎవరు, ఎక్కడ తొక్కుచున్నారో అక్కడ బల్ల మూల తొడకు తగులునని గ్రహింపవలెను. దీనికి ఖర్చు గుప్పెడు పిండి. దుకాణములో బల్ల చూచి ముచ్చటపడి, ఇంటికి తెచ్చిన పిమ్మట తలుపు తెరచుకొనుట లేదని వగచువారు హిందూపురములో ఒకరిద్దరు కారు.

నేల విషయము మరి కొంత జాగ్రత్త కోరును. మన ప్రాంతమున చౌకగా దొరకునవి తాడిపత్రి బండలు, కడప బండలు. రెండును సున్నపురాయి జాతికి చెందినవి. మన భోజనము చింతపండు లేనిదే గడవదు. హిందూపురము మార్కెట్టు యార్డు చింతపండు వ్యాపారమునకు పేరొందినది గదా! చింతపండులోని ఆమ్లము సున్నపురాయిని కొరుకును. పులుసు ఒలికి రాత్రియంతయు నిలిచినచో మరునాడు మెరుగు పోయి తెల్లని మచ్చ మిగులును. అది మురికి కాదు, రాయియే తరిగిపోయిన గుర్తు. ఎంత తోమినను పోదు. చలువరాయికిని ఇదే గతి. నల్లరాయి, అనగా గ్రానైటు, ఈ బాధకు లోబడదు. కావున నేలకు తాడిపత్రి బండ వేసినను, వడ్డించు గట్టుకు మాత్రము గ్రానైటు వేయుట ఉత్తమము. ఏ రాయియైనను ముందుగా ఒక ముక్క తెచ్చి, దానిపై చారెడు చింతపండు రసము పోసి, తెల్లవారిన పిమ్మట చూచి కొనవలెను. దుకాణదారుడు నవ్వినచో నవ్వనిండు. మరియొక మాట. మనది వానలు చాలని సీమ. గాజు పలక బల్లకు ప్రతిపూటయు నీరు, గుడ్డ, మరల పొడిగుడ్డ కావలెను. ఎండకాలమున బిందెనీటికి వరుసలో నిలుచువారు గాజుబల్ల కొనుట నాకు వింతగా తోచును.

రాతి మాట వచ్చినది గనుక లేపాక్షిని తలపకుండ ముందుకు సాగలేను. హిందూపురమునకు పదునైదు కిలోమీటర్ల దూరముననే యున్న వీరభద్రాలయ ప్రాంగణమున బండపై చెక్కిన పళ్ళెములను మన విద్యార్థులందరు చూచియే యుందురు. నడుమ పెద్ద గుంట, చుట్టును చిన్న గుంటలు. ఆలయము నిర్మించిన శిల్పులు వానిలో అన్నము, కూరలు వడ్డించుకొని తినిరని స్థానికులు చెప్పుదురు. రంగులు కలుపుకొనుటకు చెక్కినవని మరికొందరందురు. ఏది నిజమైనను నాకు సంతోషమే. అన్నపు పళ్ళెమును, రంగుల పళ్ళెమును ఒకదానినొకటి పోలియున్నవన్న మాట! అచ్యుతరాయల కాలమున, 16వ శతాబ్దమున, విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన ఆ ఆలయపు కప్పుపైనున్న చిత్రములలో కావి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు, తెలుపు ప్రధానములు. ఈ రంగులలో చాలభాగము మన్నునుండి, రాతినుండి వచ్చినవి. అందుచేతనే సున్నముతో పొత్తు కుదిరి దాదాపు ఐదువందల సంవత్సరములు నిలిచినవి.

భోజనశాల గోడలకు రంగు ఎన్నుకొనువారికి ఇందులో పాఠము కలదు. సున్నములో కలిపిన రంగు తడిగా నున్నప్పుడు ముదురుగా కనబడి, ఆరిన పిమ్మట ఎంతో లేతబడును. తడిగోడను చూచి "చాలు, ఇంక కలుపవలదు" అనువారు మరునాడు వెలవెలపోయిన గోడను చూతురు. తడిగోడను చూచి భయపడి సున్నము ఇంకను పోయించువారు రంగే లేని గోడను చూతురు. తెల్లసున్నమైనచో తడిలో పల్చని నీరువలె నుండి, ఆరినప్పుడే తెల్లదనము చూపును. కావున మూరెడు చదరపు చోట రంగు పూసి, రెండు దినములు ఆరనిచ్చి, పగటి వెలుతురున ఒకమారు, రాత్రి దీపపు వెలుతురున ఒకమారు చూడవలెను. రాత్రి చూచుటయే ముఖ్యము. మన ఇండ్లలో అందరును కలిసి తినునది రాత్రియే. పడమటి గోడ మధ్యాహ్నపు ఎండకు కాగును గనుక దానికి ముదురు రంగు తగదు. పిల్లలు కూర్చుండు వైపున గోడకు నాలుగడుగుల ఎత్తువరకు కడుగుటకు వీలగు నూనెరంగు వేయుట తప్పదు. ఎంత చెప్పినను వారు చేయి గోడకే తుడుచుకొందురు.

గుడ్డలతో అలంకరించు విషయమున నాకు ధర్మవరము వారితో చిన్న తగవు కలదు. వారి పట్టుపై నాకున్న గౌరవము తక్కువది కాదు. లేపాక్షి లతామండపపు స్తంభములపై నున్న తీగల అల్లికలు చీరల అంచులలో ఒదిగిన తీరును చూచి మురిసినవారిలో నేనును ఒకడను. కాని కొందరు సంపన్నులు పాత పట్టుచీరలను తెరలుగా కుట్టించి భోజనశాల కిటికీలకు వ్రేలాడదీయుచున్నారు. పోపు పొగ, వేపుడు వాసన, మాంసపు మసాలా పరిమళము బట్టలో చేరి వదలవు. ఇది నా స్వంత కల్పన కాదు. 18వ శతాబ్దమున బ్రిటను దేశపు ప్రఖ్యాత వాస్తుశిల్పి రాబర్ట్ ఆడమ్ కూడ భోజనపు గది గోడలకు పట్టువస్త్రములు, చిత్రకంబళములు తగవనియు, అవి ఆహారపు వాసనను పట్టియుంచుననియు వ్రాసియున్నాడు. ఆయన ఆ గదులకు గచ్చుపని, శిల్పములు, చిత్రపటములు ఏర్పరచెను. పట్టు పెట్టెలోనో, ఒంటిపైననో ఉండవలెను. భోజనశాల కిటికీకి ఉతికిన నూలుతెర చాలును. నెలకొకమారు సబ్బునీటిలో ముంచుటకు మనసు ఒప్పవలెను గదా!

దీపముల మాట ఇంతకంటె తీపి. ధర్మవరమునకు సమీపమున నున్న నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుల గ్రామము. ఆ గ్రామమునకు చెందిన దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ పురస్కారము లభించినది. సినిమాలు, పిమ్మట టెలివిజనును వచ్చి రాత్రి ఆటలకు ప్రేక్షకులు తగ్గిన దశలో, వెలుతురును తనగుండ ప్రసరింపజేయు ఆ పలుచని తోలునే దీపపు గొడుగులుగా, గోడ అలంకారములుగా మలచి అక్కడివారు బ్రతుకుతెరువు నిలుపుకొనిరి. తెర వెనుకనున్న దీపమును బొమ్మ లోపలికే తెచ్చిరన్నమాట. ఇంతటి వస్తువు మన ముంగిట నుండగా దూరపు నగరముల ప్లాస్టికు గుత్తిదీపములకు ఎగబడుట ఎందులకో తెలియదు. అయితే ఇక్కడను పరీక్ష అవసరమే. ఎరుపు, ఆకుపచ్చ నిండిన గొడుగును సరిగా అన్నముపైన వ్రేలాడదీసినచో తెల్లని అన్నము రంగు మారును. ఆకుపచ్చ వెలుతురున మాంసపు కూర చూచి ఆకలి చచ్చును. రంగుల గొడుగు గది మూలకు తగును. బల్లపైన వ్రేలాడు దానికి రంగు వేయని లేతతోలు, అంచున మాత్రము చిల్లుల పనితనము గలది మేలు. పాతకాలపు వేడిబల్బు తోలును ఎండించి వంచును. నేటి ఎల్‌ఈడీ బల్బు అంత కాగదు. గొడుగును కొనుటకు ముందు దీపము వెలిగించి, దాని క్రింద అన్నపు పళ్ళెము పెట్టి చూపుమని అడుగుడు.

ప్రయత్నముల మాట చెప్పునప్పుడు వాటి హద్దును కూడ చెప్పవలెను. ప్రపంచమున మిక్కిలి పేరు పొందిన భోజనశాలలలో ఒకటి ఇట్టి మార్పులలోనుండియే పుట్టి, ఒక స్నేహమును మ్రింగినది. లండను నగరమున ఫ్రెడరిక్ లేలాండ్ అను ఓడల వ్యాపారి తన భోజనపు గదిని థామస్ జెకిల్ అను శిల్పిచేత తీర్చిదిద్దించెను. గోడలకు బంగారు పని గల పాత తోలు, దానిపైన పింగాణీ పాత్రలకు అరలు. జెకిల్ జబ్బుపడగా, తలుపులకు ఏ రంగు వేయవలెనో చెప్పుమని చిత్రకారుడు విస్లర్‌ను అడిగిరి. ఆ గదిలో విస్లర్ చిత్రమే యొకటి వ్రేలాడుచుండెను. తోలుమీది ఎర్రపూలు తన చిత్రపు రంగులను చెడగొట్టుచున్నవని ఆయనకు తోచినది. మొదట ఆ పూలకు కొంచెము పసుపు అద్దెను. అది చాలలేదు. ఇంకొంత, మరికొంత అనుచు 1876, 1877 సంవత్సరములలో, యజమాని ఊరిలో లేని సమయమున, ఖరీదైన తోలునంతటిని నీలముతో కప్పి, దానిపై బంగారు నెమళ్ళను వ్రాసెను. రెండువేల గినీలు అడిగెను. లేలాండ్ వేయి పౌనులు మాత్రమే ఇచ్చెను. కోపించిన విస్లర్ అదే గోడపై పోట్లాడుచున్న రెండు నెమళ్ళను, ఒకదాని కాళ్ళవద్ద చెల్లాచెదరైన నాణెములను చిత్రించి వెళ్ళిపోయెను. 1904లో ఆ గదిని అమెరికా దేశస్థుడు చార్లెస్ ఫ్రియర్ కొనెను. నేడది వాషింగ్టను నగరపు ప్రదర్శనశాలలో నున్నది.

చూచుటకు అది అద్భుతమే. అయినను ఒక సంగతి మరువరాదు. అక్కడ ప్రయత్నములు చేసినవాడు ఆ గదిలో అన్నము తినువాడు కాడు. తినువాడు ఆ ప్రయత్నములకు ఒప్పుకొన్నవాడును కాడు. లేలాండ్ మరణించు వరకు, అనగా 1892 వరకు, ఆ గదిని అట్లే యుంచెనన్నది ఆయన పెద్దమనస్సుకు గుర్తని నేనెంచుదును. కాని అందరి ఇండ్లలోను లేలాండ్‌లు ఉండరు. కుమారుడు పట్టణమునుండి వచ్చి, తల్లిని అడుగక, ఆమె ముప్పది ఏండ్లుగా చేయి చాచి అందుకొను గూటిని పగులగొట్టించి, అక్కడ గాజు అలమార పెట్టించుట మన ఊళ్ళలోనే జరుగుచున్నది. ఆ అలమార ఎంత అందముగా నున్నను ఆమె ఉప్పుడబ్బా కొరకు నాలుగడుగులు ఎక్కువ నడుచుచునే యుండును.

శైలి కలగలుపు కూడదని కొందరు పెద్దలు వాదింతురు: హిందూ గృహమైనచో హిందూ రీతి, ముస్లిము గృహమైనచో మొగలాయి రీతి, కాదన్నచో పాశ్చాత్య రీతి. వీరిని నేను పెనుకొండకు పంపదలచెదను. 1565 యుద్ధము పిమ్మట విజయనగర రాజులకు రాజధానియైన ఆ దుర్గమున గగన్ మహల్ ఇప్పటికిని నిలిచియున్నది. క్రింద ఇస్లామీయ రీతి కమానులు, పైన ఆలయ విమానమును తలపించు శిఖరము. కట్టించినవారికి అందులో ఇబ్బంది కనబడలేదు. చూచువారికిని కనబడుట లేదు. అదే ఊరిలో బాబా ఫక్రుద్దీన్ దర్గాకు అన్ని మతములవారును వత్తురు. హైదరాబాదు ఫలక్‌నుమా భవనమున నూటొక్కరు ఒకేసారి కూర్చుండు బల్ల కలదు. అది పాశ్చాత్య రీతిది. దానిపై వడ్డింపబడినది దక్కను బిరియానీయే. మన ఇండ్లలో ఇత్తడి చెంబు ప్రక్కన చీనా పింగాణీ, దస్తర్‌ఖాన్ ప్రక్కన మోదుగాకు విస్తరి ఉండుట కలగలుపు అనిపించుకొనదు.

ఇక వసతిగృహముల మాట. మన వంటి కళాశాలల భోజనశాలలు పెక్కింటిలో ఒకే నమూనా కనబడును. గోడవెంట, నడుమను సిమెంటుతో కట్టివేసిన బల్లలు. వాటికి ఒకవైపుననే అరుగులు. అందరును ఒకే దిక్కునకు తిరిగి, ముందువాని వీపు చూచుచు తినవలెను. కడుగుటకు సులభము, విరుగవు, ఎవడును ఎత్తుకొనిపోలేడు, అని కమిటీవారు చెప్పు కారణములు. మూడును నిజములే. లెక్కలు చూచు కోశాధికారి స్థానమున నేనున్నను బహుశః ఇదే చెప్పుదును. కాని రంజాను మాసమున ఇఫ్తారుకు విద్యార్థులు ఖర్జూరము, గంజి పెట్టుకొని నేలపై వరుసగా కూర్చుండదలచినచో ఆ గదిలో చోటుండదు. వరండాలో కూర్చుందురు. సహరీకి తెల్లవారుజామున పదిమంది వచ్చినచో హాలునందలి దీపములన్నియు ఒకే స్విచ్చితో వెలుగును. ఉగాదినాడు ఓళిగలు వడ్డించుటకు పంక్తి తీర్చవలెనన్నను అదే చిక్కు. సిమెంటు బల్లకు పండుగలు తెలియవు.

దీనికంటె బరువైన సంగతి మరియొకటి. శాకాహారులకు, మాంసాహారులకు వేరు వేరు వరుసలు కట్టివేసినచోట రెండు మూడు సంవత్సరములలో ఆ వరుసలు ఆహారమునుబట్టి గాక మనుష్యులనుబట్టి ఏర్పడును. ఉర్దూ మాధ్యమము వారొక మూల, తెలుగు మాధ్యమము వారొక మూల. ఊరిబిండి, ముద్ద ఇరువురికిని ప్రీతియే. అయినను తరగతిలో కలియనివారికి కలియుటకు మిగిలిన ఒక్కచోటును మేస్త్రీ తాపీ మూసివేసినదన్నమాట. శాకాహారుల ఆచారమును గౌరవింపవలసినదే. వంటపాత్రలు, వడ్డన గరిటెలు వేరుగా నుండవచ్చును, వడ్డించు కిటికీలు రెండుండవచ్చును. తిను బల్లలు వేరుగా నుండనక్కరలేదు.

కమిటీ పెద్దలకు నా విన్నపము మితమైనది. హాలును ఒకేసారి కాంట్రాక్టరునకు అప్పగింపక, మొదటి సంవత్సరము జరుపుటకు వీలైన చెక్కబల్లలు, మడచుటకు వీలైన కాళ్ళు గలవి, కొన్ని మాత్రమే కొనవలెను. మిగిలిన చోట జంపఖానాలు పరచవలెను. బల్లల అమరికను మూడు మాసముల కొకమారు మార్చి, ఎవరెక్కడ కూర్చుండుచున్నారో, తోపులాట ఎక్కడ కలుగుచున్నదో, ఎంగిలి పళ్ళెములతో ఎవరు ఎంత దూరము నడుచుచున్నారో ఒక పుస్తకమున వ్రాయించవలెను. ఆ పుస్తకము వ్రాయువారిలో వంటవారు ఒకరుండవలెను. వడ్డన కష్టము వారికి తెలిసినంత మనకు తెలియదు. దీపములకు మూడు నాలుగు స్విచ్చులు వేరుగా పెట్టింపవలెను. ఒక గోడను సున్నముతో తెల్లగా విడిచి విద్యార్థుల కీయవలెను. చిత్రములు వ్రాయుదురో, ఉర్దూ, తెలుగు లిపులలో అక్షరములు తీర్తురో వారి యిష్టము. బాగుగా కుదరనిచో మరుసటి సంవత్సరము వచ్చువారు దానిపై మరల సున్నము కొట్టుకొందురు. నిమ్మలకుంట దీపపు గొడుగులు రెండు, పైన చెప్పిన పరీక్ష చేసి, తెప్పింపవలెను. అంతటికిని అయ్యెడు ఖర్చు సిమెంటు బల్లల ఖర్చును మించదనియే నా అంచనా. మించుననువారు రెండింటికిని కొటేషన్లు తెప్పించి సభలో చదివి వినిపింపవచ్చును.

విద్యార్థులారా, మీ పని ఇంతకంటె చిన్నది, ఇంతకంటె త్వరగా చేయదగినది. ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మను, నానమ్మను, అమ్మీజాన్‌ను, వారు అన్నము ఏ వేళకు, ఎక్కడ కూర్చుండి తినుచున్నారో చూడుడు. అక్కడనుండి దీపము కనబడుచున్నదా, మంచినీళ్ళు చేతికి అందుచున్నవా అని వారినే అడుగుడు. ముగ్గుపిండి డబ్బా ఆ పిమ్మట తీయవచ్చును.